పెద్దత్త తలుపు మీది రీత్

ఆ డిసెంబరులో నాకు అన్నీ ముద్దొచ్చేవి. కాశీబుగ్గలో రైల్వే గేటు పడితే ముద్దొచ్చేది. గూడ్సు బండి పూర్తిగా వెళ్ళేదాకా స్కూటర్ మీద మా ఆయన వీపుకి బుగ్గ ఆనించుకుని కూర్చోవచ్చు కదా. జీడి ఫ్యాక్టరీల నుంచి వచ్చే మాడు వాసన ముద్దొచ్చేది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ వాసనకి తల తిరిగి మంచమెక్కినదాన్ని, నెల తిరిగేసరికి గుండెల నిండా పీల్చి "ఆహా, మా ఊరు" అనుకోవడం మొదలుపెట్టాను. విశాఖపట్నం నుంచి మా అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావే అంటే, "అమ్మా, ఇక్కడ టీలో కూడా జీడిపప్పు వేస్తారే!" అన్నాను. అబద్ధమే. కానీ నా మనసు అలాగే ఉండేది.

మా ఆయన జయప్రకాష్‌కి బజారులో హార్డ్‌వేర్ షాపు. నేను బావా అని పిలుస్తాను. ఆయన నవ్వితే కుడి బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుంది. డిగ్రీ చదివిన పిల్లనై ఉండి, ఆ ఒక్క సొట్ట చూసే పెళ్ళికి ఒప్పుకున్నానని మా స్నేహితురాళ్ళు ఇప్పటికీ వెక్కిరిస్తారు. మావయ్యగారు చార్లెస్, సంఘంలో పెద్ద. అత్తయ్య మిరియం, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆడపడుచు శిరీషకి సంబంధాలు చూస్తున్నారు.

హాలు పక్క గదిలో ఇంకొకావిడ ఉండేది. మావయ్యగారి అక్క పాపమ్మ. నాకు పెద్దత్త. పూండి దగ్గర కొబ్బరి తోటల్లో కాపురం చేసిన మనిషి. మొగుడు కిడ్నీలు పాడై పోయాడు, ఆ తర్వాత ఆవిడ కిడ్నీలూ పాడయ్యాయి. చూసేవాళ్ళు లేక తమ్ముడింటికి వచ్చింది. మంగళవారం, శుక్రవారం ఆటో వచ్చి పలాసకి డయాలసిస్‌కి తీసుకెళ్ళి తెచ్చేది. ఈ ఉద్దానం ఊళ్ళలో వీధికో కిడ్నీ రోగి, ఇదేం వింత కాదు. వింతగా తోచింది నాకే. మా వైపు పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్ళు పాట పాడమంటారు. ఇక్కడ ముందుగా అడిగేది, "మీ ఇంట్లో కిడ్నీ ఉందేటి?" అని.

శిరీషకి అప్పటికి రెండు సంబంధాలు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే పోయాయి. పిల్ల రక్త పరీక్ష కాగితాలు చూపించినా వాళ్ళు చూడలేదట.

రీత్ సంగతి అక్కుపల్లి సముద్రం దగ్గర మొదలైంది. ఆదివారం ఆరాధన అయ్యాక బావ నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. ఇసుక మీదికి దిగే ముందు సరుగుడు తోట. కింద రాలిన కాయలు గోరంత ఉన్నాయి, చెక్కినట్టు గళ్ళు గళ్ళుగా. కొంగులో ఏరుకుంటూ అన్నాను.

"బావా, వీటితో రీత్ చేద్దాం."

"అదేటి?"

"క్రిస్మస్‌కి గుమ్మానికి కడతారు. గుండ్రంగా, ఆకులతో."

"మనకి స్టార్ ఉంది కదా."

"స్టార్ ఎవరింటికి లేదు?"

సొట్ట పడింది. కొమ్మ వంచి నాకు రెమ్మలు విరిచి ఇచ్చాడు. మర్నాడు షాపు నుంచి బైండింగ్ వైరు, ఎర్ర రిబ్బను తెచ్చాడు. కొబ్బరి ఈనెలు నీళ్ళలో నానబెట్టి, కట్టగా వంచి, వైరుతో చుట్టి, దాని మీద సరుగుడు రెమ్మల్ని ఒకే వైపు వాలేలా కట్టాను. మధ్యలో జీడి ఆకులు. కాయలకి తెల్లరంగు. మొదటిది కోడిగుడ్డులా వచ్చింది. రెండోది గుమ్మానికి కట్టి, వీధిలోకి వెళ్ళి చూసి, మళ్ళీ లోపలికొచ్చి, మళ్ళీ వీధిలోకి వెళ్ళి చూశాను.

అత్తయ్య కూరల సంచితో వచ్చి గుమ్మం ముందు ఆగిపోయింది.

"ఏటమ్మా ఇది? సచ్చినోల్ల పెట్టె మీద ఎట్టేది తెచ్చి గుమ్మానికి కట్టినావు?"

"అది కాదత్తయ్యా, ఇది వేరు."

"గుండ్రంగా ఉన్నాది. ఆకులున్నాయి. ఏటి వేరు?"

"రిబ్బను ఉంది కదా."

హాలు పక్క గదిలోంచి పెద్దత్త గొంతు వచ్చింది. "ఏటే అది? నాకూ సూపించండి."

తీసుకెళ్ళి చూపించాను. మంచం మీద దిండుకి ఆనుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కాళ్ళు వాచి ఉండేవి, మొహం మాత్రం చిన్నపిల్ల మొహం.

"బిందె కింద సుట్టకుదురనుకున్నాను."

"పెద్దత్తా!"

"బాగుందే గుంటా. గుమ్మానికి కట్టు. పండగయ్యాక ఒగ్గీకు, దాసిపెట్టు. నాను పోయినాక నా పెట్టె మీద ఎట్టీయొచ్చు. మీ అత్త మాటా నెగ్గుతాది, నీ మాటా నెగ్గుతాది."

నేను పగలబడి నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. ఆవిడ మొహం రెండు రోజుల తర్వాత, పాస్టరమ్మగారు వచ్చి రీత్ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాక విప్పారింది. ఆ వారం స్త్రీల సమాజంలో ఎవరు కనబడినా, "మా కోడలు సేసిందండి, కాలేజీ సదువు గదా," అనేది. నలుగురు తమకీ కావాలన్నారు. నేను వరండా నిండా ఈనెలు పరుచుకుని కూర్చున్నాను. వేళ్ళు కోసుకుపోయాయి. బావ షాపు నుంచి వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ ఊదేవాడు. ఇంకేం కావాలి నాకు?

పెద్దత్తకి కావలసింది నీళ్ళు. డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. పొద్దున ఒక చిన్న స్టీలు గ్లాసు, సాయంత్రం ఒకటి. అది అత్తయ్య చేతిలో ఉండేది. తప్పు పట్టడానికి లేదు, డాక్టరు చెప్పిందే. కానీ సాయంత్రం గ్లాసు ఒక్కోసారి మర్చిపోయేది. పెద్దత్తకి అరిచే ఓపిక లేదు.

నేను ఫ్రిజ్‌లో నిమ్మచుక్క వేసి ఐసు గడ్డకట్టించేదాన్ని. ఒక ముక్క ఆవిడ నోట్లో పెడితే కళ్ళు మూసుకునేది. బుగ్గలో ముక్క అటూ ఇటూ దొర్లుతుంటే చప్పుడయ్యేది.

"ఇదేనే పరలోకం. పాస్టరుగారు ఊరికే అంత సేపు సెప్తాడు."

ఒకరోజు అడిగింది. "నా తలుపుకీ ఒకటి కట్టవే, సుట్టకుదురు. దానికి రెండు మువ్వలు కట్టు. మేకకి కడతాం సూడు, అలగ. లోపల్నుంచి తలుపు తట్టినాననుకో, మోగుతాది. నువ్వు ఐసట్టుకుని లగెత్తుకొచ్చీ."

బజారుకెళ్ళి మువ్వలు కొన్నాను. రెండు కాదు, గుత్తి. అన్ని రీతుల్లోకీ ఆవిడదే బాగా కుదిరింది. అచ్చు గుండ్రం. ఆవిడ చేతికందని ఎత్తులో, తలుపు పైచెక్క మీద మేకు కొట్టి కట్టాను. లోపల్నుంచి అరచేత్తో తలుపు కుదిపితే ఘల్లుమనేది. వంటింట్లో ఉన్నా వినబడేది. నేను పరిగెత్తేదాన్ని. ఆవిడ ఒక్కోసారి ఏమీ అక్కర్లేకపోయినా కుదిపేది.

"ఏంటి పెద్దత్తా?"

"ఏటీ నేదు. నువ్వొత్తావో రావో సూసినాను."

ఆ సందట్లోనే ఇంకోమాట అడిగింది. మేకకీ ఐసుకీ నవ్వినట్టు నవ్వుతూ అడగలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"క్రిస్మస్ ఆరాధనకి నన్ను తీసుకెల్తావా? గుడిలో అడుగెట్టి రెండు పండగలైపోనాయి. దారిలో ఏటైనా అయితే ఎవురు సూత్తారని మీ అత్త ఒద్దంతాది. పండగ బోయినం కూడా మంచం మీదే ఎడతాది. ఈసారి గుడికెళ్ళి, వచ్చి మీ అందరితో బల్లకాడ కూకుని తినాలని ఉంది. అంతే. మళ్ళా క్రిస్మస్‌కి నానుండను."

"నేను తీసుకెళ్తాను పెద్దత్తా. ఆటోలో. ముందు వరసలో కూర్చోబెడతాను."

"ముందు వరసొద్దే. తలుపుకాడ సాలు. గాలొత్తాది."

మాటిచ్చాను. బావకి చెబితే, "చూద్దాంలే," అన్నాడు. సొట్ట పడింది కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే టెక్కలి సంబంధం వచ్చింది. అబ్బాయి అజయ్, బ్యాంకు ఉద్యోగం. వాళ్ళమ్మ ఎస్తేరమ్మగారు. క్రిస్మస్ రోజే మంచిది, పాస్టరుగారూ ఊళ్ళో ఉంటారు, పిల్లని చూసి భోజనం చేసి వెళ్తాం అన్నారు. అత్తయ్య ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కనే రిబ్బను కత్తిరిస్తున్నాను.

"దేవుడి దయవల్ల మా ఇంట్లో కిడ్నీ నేదండి," అంది అత్తయ్య.

నేను తలెత్తి చూశాను. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇల్లంటే మనమేనమ్మా. పెద్దత్త పూండి మనిషి. పిల్ల బతుకు బాగుపడాలా, వద్దా?"

శిరీష పక్క గదిలో వింటోంది. బాగుపడాలి అన్నాను. ఎందుకు బాగుపడకూడదు? ఆ నెలలో నాకు అందరూ బాగుపడాలనే ఉండేది.

క్రిస్మస్ ముందు మంగళవారం ఆటో రాలేదు. పండగ వారం కదా, ఒకేసారి శుక్రవారం రమ్మన్నారని అత్తయ్య చెప్పింది. పెద్దత్త కాళ్ళు మోకాళ్ళదాకా వాచాయి. ఊపిరి కొంచెం గట్టిగా తీసుకుంటోంది. బుధవారం మధ్యాహ్నం స్త్రీల సమాజంతో కలిసి పాటలు పాడుతూ ఇళ్ళకి తిరగడానికి బయల్దేరుతూ ఆవిడ గదిలోకి వెళ్ళాను. నీలం అంచు తెల్ల చీర మంచం మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేస్తోంది.

"రేపటికే. ఇస్త్రీ బాగుందా?"

"పెళ్ళికూతురివి పెద్దత్తా."

"పో గుంటా."

పాటల నుంచి అర్ధరాత్రి వచ్చి చీకట్లోనే వెళ్ళి పడుకుని, మర్నాడు నేను ఆలస్యంగా లేచాను. పండగపూట ఆలస్యంగా లేచిన కొత్త కోడల్ని చూసి అత్తయ్య ఒక్క మాటా అనలేదు. ఇల్లంతా బిర్యానీ మసాలా వాసన. నేరుగా పెద్దత్త గది వైపు వెళ్ళబోతే వంటింట్లోంచి పిలిచింది.

"పెద్దత్త నేదమ్మా. తెల్లారకుండానే మరిది కొడుకు ఆటో తెచ్చి పూండి తీసుకెళ్ళిపోయినాడు. ఆళ్ళ గుడికే ఎల్తానని ఒకటే గోల. రేపు దిగబెడతాడు."

కొంచెం చిన్నబోయాను. నాతో కాకుండా వెళ్ళిపోయిందే అని. అంతలోనే సంతోషమేసింది. ఆవిడ సొంత ఊరు, సొంత గుడి, తెలిసిన మొహాలు. తలుపు మూసి ఉంది. రీత్ మాత్రం నేను కట్టిన చోట లేదు. రెండు మూరలు కిందకి దిగింది, తలుపు నడుముకి. కొత్త మేకు. రాత్రి బావ సరిచేసినట్టున్నాడు, నాకు చెప్పకుండా నా పని చేసి పెట్టాడు అని ముచ్చటేసింది. చర్చికెళ్ళే దారిలో రైల్వే గేటు పడింది. ఆయన వీపుకి బుగ్గ ఆనించుకున్నాను.

ఎస్తేరమ్మగారి కారు ఆరాధన తర్వాత మా వెనకే వచ్చింది. ఆవిడ, భర్త, అజయ్. గుమ్మంలోనే ఆగిపోయారు.

"వందనాలమ్మా. ఎంత బాగుందో ఇది! బజార్లో కొన్నారా?"

"మా కోడలు సేసిందండి," అంది అత్తయ్య.

హాల్లోకి వచ్చాక ఆవిడ కళ్ళు పెద్దత్త తలుపు మీద పడ్డాయి. "అబ్బ, ఇది ఇంకా బాగుంది. మువ్వలు కూడానా! ఈ గదేటి?"

"స్టోర్ రూమండి," అన్నాడు బావ.

పెద్దత్త ఉంటున్న గదిని అలా అనడం కొంచెం నవ్వొచ్చింది. ఆవిడొచ్చాక చెబితే ఎలా తిడుతుందో అనుకున్నాను.

శిరీష ఆకుపచ్చ చీరలో వచ్చి కూర్చుంది. అజయ్ ఆమె వైపు చూసి వెంటనే తన బూట్ల వైపు చూసుకున్నాడు. నాకది ఎంతో నచ్చింది. ఎస్తేరమ్మగారు శిరీష చెయ్యి పట్టుకుని ఏం చదివావు, ఏం వండుతావు అని అడిగారు. నవ్వులయ్యాయి. భోజనాల బల్ల హాల్లోనే వేశాం. అందరూ కూర్చున్నాక మావయ్యగారు ప్రార్థనకి లేచారు. కళ్ళు మూసుకున్నాం.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినాన ఈ రెండు కుటుంబాలను ఒకచోట చేర్చినందుకు..."

మువ్వలు ఘల్లుమన్నాయి.

మావయ్యగారు ఒక్క క్షణం ఆగారు. తర్వాత గొంతు పెంచారు.

"...మా బల్ల మీద ఉంచిన ఆహారం కొరకు నీకు స్తోత్రములు తండ్రీ! లేనివారిని జ్ఞాపకము చేసుకొనుము తండ్రీ!"

మువ్వలు మళ్ళీ మోగాయి. ఆయన ఇంకా గట్టిగా ప్రార్థించారు. సంఘంలో ఎప్పుడూ అంత గట్టిగా ప్రార్థించగా నేను వినలేదు. ఆమెన్ అన్నాక నేను కళ్ళు తెరిచాను. కిటికీలు మూసి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు.

"మువ్వలు భలే మోగుతున్నాయి," అన్నారు ఎస్తేరమ్మగారు.

"గాలండి," అంది అత్తయ్య. "సముద్రం గాలి ఇక్కడిదాకా వత్తాది."

నేను బావ వైపు చూశాను. అజయ్ పళ్ళెంలోకి మంచి ముక్క వెతికి వేస్తున్నాడు. శిరీష తల దించుకుని ఉంది, మెడ దాకా ఎర్రబడింది. మావయ్యగారు అన్నం కలుపుతున్నారు. అందరికీ తెలుసు. ఆ బల్ల దగ్గర తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

మళ్ళీ ఘల్లు. ఈసారి నెమ్మదిగా, రెండుసార్లు. దాహమైతే పెద్దత్త అలాగే కొట్టేది.

లేచాను. జగ్గులోంచి గ్లాసులో నీళ్ళు పోశాను. బల్ల మీద కొంచెం ఒలికింది. తలుపు వైపు రెండడుగులు వేశానో లేదో అత్తయ్య అంది, "అజయ్‌కే ముందమ్మా. మసాలా ఎక్కువైనట్టున్నాది, పాపం."

అజయ్ చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. "థాంక్స్ అక్కా," అని గటగటా తాగేశాడు.

"తలుపు..." అన్నాను.

"పాయసం తేమ్మా," అంది అత్తయ్య. నా మణికట్టు పట్టుకుంది. బయటినుంచి చూసేవాళ్ళకి ముద్దుగానే పట్టుకున్నట్టుంటుంది. గోళ్ళు దిగాయి. "బావ సాయం వత్తాడు."

బావ నా భుజం మీద చెయ్యి వేసి వంటింట్లోకి నడిపించాడు. పాయసం గిన్నె నా చేతిలో పెట్టాడు.

"ఆవిడ లోపల ఉంది," అన్నాను.

"ఉంది."

"వెళ్ళి తలుపు తియ్యి."

"సంజూ. ఒక్క గంట. చెల్లి బతుకు." పాయసం మీద తేలుతున్న జీడిపప్పు పలుకొకటి తీసి నా నోట్లో పెట్టాడు. సొట్ట పడింది.

పాయసం వడ్డించే వేళకి మువ్వలు ఆగిపోయాయి. మోగుతున్నప్పటి కన్నా ఆగిపోయాక నాకు ఎక్కువ వినబడ్డాయి.

పిల్ల నచ్చిందన్నారు. నిశ్చితార్థం జనవరిలోనే అనుకున్నారు. లేచి వెళ్తూ ఎస్తేరమ్మగారు ఆ తలుపు దగ్గర ఆగారు.

"సంజనా, ఏమనుకోకు గానీ ఈ మువ్వలది నాకిచ్చీమ్మా. మా గుమ్మానికి కట్టుకుంటాను."

చెయ్యి చాపారు. వేళ్ళు రిబ్బనుకి తగిలాయి. అత్తయ్య మొహంలో రక్తం లేదు. శిరీష గోడకి ఆనుకుంది. నేను చూస్తున్నాను. ఎత్తండి, ఎత్తి చూడండి అని నా ప్రాణమంతా ఆవిడ వేళ్ళ మీదే ఉంది.

"అది వద్దాంటీ," అని బావ మధ్యలోకి వచ్చాడు. "స్టోర్ రూముది, దుమ్ము పట్టేసింది. గుమ్మానిది ఇస్తాను, అది సంజన మనసుపెట్టి చేసింది." చకచకా వెళ్ళి గుమ్మం మీదిది దింపి ఆవిడ చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి నవ్వాడు. అక్కుపల్లిలో కొమ్మ వంచి ఇచ్చినప్పుడు నవ్విన నవ్వే. ఏ తేడా లేదు. తేడా కోసం వెతికాను.

వాళ్ళు కారెక్కుతుంటే లోపలికి పరిగెత్తాను. రీత్ పక్కకి లాగాను. దాని కింద కొత్త గడియ, మా షాపులో అమ్మేదే, ఇత్తడి రంగు మెరుస్తోంది. దానికి తాళం. నేను పాటలకెళ్ళిన మధ్యాహ్నం బిగించినట్టున్నాడు.

"బావా, తీయి!"

ఆయన గేటు దగ్గరే నిలబడి కారుకి చెయ్యి ఊపుతున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు.

"మలుపు తిరగనీ."

కారు మలుపు తిరిగింది. అప్పుడొచ్చి తీశాడు.

పెద్దత్త తలుపు పక్కనే నేల మీద గోడకి జారగిలబడి ఉంది. నీలం అంచు తెల్ల చీర కట్టుకుని, తల దువ్వుకుని. ఒళ్ళో బైబిలు సంచి. పెదవులు తెల్లగా పొక్కిపోయాయి. నేను నీళ్ళు తెచ్చాను. కొలవలేదు. రెండు చేతులతో పట్టుకుని తాగింది. మెడ మీద ఒలికాయి. తాగి, ఊపిరి తీసుకుని, అత్తయ్యని చూసింది.

"మాత్తర ఇచ్చినావు గదే మిరియం, తొంగున్నాను. మెలకువొచ్చీసింది. ఏటి సెయ్యను?"

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగింది పెద్దత్త.

"నీ పార్దన ఇనబడ్డాది సార్లీసూ. బాగా గట్టిగా సేసినావు."

మావయ్యగారు లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

"సంబందం కుదిరినాదా?" అని శిరీషని అడిగింది.

శిరీష ఏడుస్తూ తలూపింది.

"అయితే ఏడుపెందుకే? కుదిరినాది గదా." తర్వాత నన్ను చూసింది. ఏదో అంటుందని, తిడుతుందని, మేక మాటేదో చెబుతుందని చూశాను. గ్లాసు నా చేతికిచ్చింది. ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. తలుపు కుదపలేదు. నేను ఐసు ముక్క తెస్తే నోరు తెరిచేది, అంతే. బుగ్గలో చప్పుడయ్యేది కాదు.

ఆ రాత్రి అంట్లు తోముతూ శిరీష చెప్పింది. ఎస్తేరమ్మగారి మేనకోడలు పలాసలో ఆ డయాలసిస్ వార్డులోనే కొత్తగా నర్సుగా చేరిందట, మంగళవారాలు ఆమె డ్యూటీ. అందుకే ఆటో రాలేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"నాకింకెన్ని సంబంధాలొస్తాయి వదినా?" అంది. పళ్ళెం కడుగుతూనే ఉంది, ఎప్పుడో శుభ్రమైపోయిన పళ్ళెం.

శుక్రవారం తీసుకెళ్ళారు. అప్పటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. పాత సంవత్సరం ముగియకుండానే పెద్దత్త పోయింది. మా చర్చిలో చావు గంట కొట్టనివ్వలేదు మావాళ్ళు. పెట్టెని నేరుగా పూండి తీసుకెళ్ళారు. నేను కొబ్బరి ఈనెలు నానబెట్టి కొత్త రీత్ మొదలుపెడితే అత్తయ్య వచ్చి తొట్టిలో నీళ్ళు ఒంపేసింది.

"అది పట్టుకుని బండెక్కితే ఊరంతా ఎవురు పోయినారని అడుగుతారు. నిశ్చితార్థం అవనీ."

అలా, ఆ డిసెంబరంతా ఎవరడిగితే వాళ్ళ గుమ్మానికి రీత్ కట్టినదాన్ని, ముందుగానే అడిగిపెట్టుకున్న మనిషి పెట్టె మీద ఒక్కటీ పెట్టలేకపోయాను. పూండిలో ఎవరో బంతిపూలు చల్లారు.

నిశ్చితార్థం అయింది. వేసవిలో పెళ్ళీ అయింది. శిరీష టెక్కలిలో బాగానే ఉంది. ఎస్తేరమ్మగారు మంచావిడ. ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే క్రిస్మస్‌కి తమ సంఘంలో అందరికీ రీతులు కావాలట, ఇప్పట్నుంచే చెబుతున్నానంటారు. అత్తయ్యకి అది విని గర్వం. ఒకరోజు నన్ను హాల్లోకి పిలిచింది.

"వరండాలో కూకుని నడుం పోగొట్టుకుంతన్నావు. ఆ గది నీకిచ్చీసినామమ్మా. రీతులకి."

కొత్తగా సున్నం వేయించారు. కిటికీకి తెర కట్టారు. బావ తన చేత్తో అరలు బిగించాడు, వైరు చుట్టలు పెట్టుకోవడానికి ఒకటి, రిబ్బన్లకి ఒకటి. నా కళ్ళు మూసి లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. డిసెంబరులో అయితే నేను ఎగిరి మెడకి చుట్టుకునేదాన్ని.

తలుపు మీది రీత్ అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నేను దింపితే సరుగుడు అంతా ఎర్రగా ఎండి నేల మీద రాలింది, మువ్వలూ ఈనెలూ మిగిలాయి. కింద గడియ. తాళం తీసేశారు, గడియ ఉంది. దాని పై స్క్రూ సగం బయటికి వచ్చి వేలాడుతోంది. లోపల్నుంచి కుదిపీ కుదిపీ ఊడొచ్చిన స్క్రూ. ఇంకాస్త కుదిపి ఉంటే వచ్చేసేది.

"బావా, స్క్రూడ్రైవర్ ఉందా?"

జేబులోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

"ఆ గడియ తీసేయవా? గదికి బయట గడియెందుకు?"

ఆయన దగ్గరికొచ్చి వంగి చూశాడు. వేలితో స్క్రూ కదిపి చూశాడు. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. పని చేస్తున్నప్పుడు ఆయన నాలుక పెదవి చివర్లో కొంచెం బయటికొస్తుంది. కొత్తలో అదీ ముద్దొచ్చేది. స్క్రూ కిరకిరలాడుతూ చెక్కలోకి దిగింది. చివరి మలుపు బలంగా తిప్పి, గడియ ఒకసారి వేసి, తీసి చూశాడు.

"ఉండనీ సంజూ," అన్నాడు. సొట్ట పడింది. "మంచి గడియ. ఎప్పటికైనా పనికొస్తాది."